అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే ఆగిందనుకున్నాను: ఈ ఫ్రేజల్ వెర్బ్స్ ఎలా పట్టుబడతాయి?

రాత్రిషిఫ్టు:

అందరికీ నమస్కారం. నేను ఒక శీతల గిడ్డంగిలో రాత్రి షిఫ్టులో యంత్రాలు చూసుకుంటాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను, తర్వాత డిప్లొమా. ఇంగ్లిష్ చదవడం నాకు కష్టం కాదు. ఎంత లావు మాన్యువల్ ఇచ్చినా చదివి పని చేసుకోగలను. ఇబ్బంది అంతా మాటల దగ్గరే. యంత్రాలు అమ్మిన సంస్థ ఇంజినీర్లు ఫోనులో మాట్లాడుతుంటే ఒక్కో పదం విడిగా తెలిసినదే, కానీ వాక్యం మొత్తం చేజారిపోతుంది.

జరిగింది చెబుతాను. ఆరు వారాల క్రితం, దూరం నుంచి మా గదులను తెర మీద గమనించే ఇంజినీరు ఫోను చేసి, నాలుగో గది అలారం మూడు గంటలకు ‘వెంట్ ఆఫ్’ అన్నాడు. ఆ అలారం మోగేది ఆయన దగ్గరే, మాకు వినిపించదు. ‘ఆఫ్’ చెవిన పడగానే నాకు తోచింది ఒక్కటే: ఫ్యాను ఆఫ్, లైటు ఆఫ్, అలారం ఆఫ్. ఏదో వచ్చి పోయింది కాబోలు అనుకుని, రిజిస్టరులో “3:00, నాలుగో గది అలారం ఆగింది” అని రాసి సంతకం పెట్టాను. ఆయన చెప్పింది అలారం మోగిందని. నేను వెళ్లి చూస్తానని ఆయన అనుకున్నాడు, చూడనవసరం లేదని నేను అనుకున్నాను. తెల్లవారేసరికి ఆ గది వేడెక్కింది. సరుకు చాలావరకు దక్కింది, కొంత పారేయవలసి వచ్చింది. నన్ను ఎవరూ పెద్దగా అనలేదు. కానీ ఆ పేజీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అది నా చేతిరాత, కింద నా సంతకం.

ఆ రోజు నుంచి పట్టుబట్టి కూర్చున్నాను. క్రియకు చిన్న మాట చేరి కొత్త అర్థం వచ్చే ఈ ఫ్రేజల్ వెర్బ్స్‌లో ‘గెట్’తో వచ్చేవన్నీ ఒక జాబితాగా రాసుకుని బట్టీ పట్టాను: గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అవే, గెట్ అలాంగ్. సాయంత్రానికి ఏది ఏమిటో కలిసిపోయింది. నా ప్రశ్నలు రెండు. వీటి వెనక అసలు ఏదైనా పద్ధతి ఉందా, లేక ఒక్కొక్కటీ కంఠతా పట్టవలసిందేనా? ‘ఇట్’ లాంటి మాటను కొన్నిసార్లు మధ్యలో పెడతారు, కొన్నిసార్లు చివర పెడతారు, అది ఎలా తెలుస్తుంది?

పరీక్షలకు_సిద్ధం:

నేను రోజుకు పది చొప్పున కార్డుల మీద రాసుకుని చదివాను. ముందువైపు ఇంగ్లిష్, వెనకవైపు తెలుగు అర్థం. పరీక్షలో బాగానే పనికొచ్చింది. మానకుండా చేస్తే మీకూ వస్తుంది.

ఇంగ్లిష్_టీచర్:

రాత్రిషిఫ్టు గారూ, ముందుగా ఒక మాట. మీరు తడబడిన చోట తడబడని తెలుగువారు అరుదు, దానికి కారణం మన భాషలోనే ఉంది. ఇంగ్లిష్‌లో ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ అంటారు. మనం అందులోని క్రియను అక్కడే వదిలేసి, ‘ఆఫ్’ను మాత్రం తెచ్చుకుని దానికి మన ‘చేయు’ తగిలించాం: ఆఫ్ చేయి, ఆన్ చేయి. దాంతో ‘ఆఫ్’ అంటే ఆపడమే అని తెలుగు చెవికి స్థిరపడింది. ఇంగ్లిష్ చెవికి అది అలా వినపడదు. అక్కడ ‘ఆఫ్’ అంటే ఉన్నచోటు నుంచి విడివడటం. ‘టేక్ ఆఫ్’లో విమానం నేలను విడుస్తుంది, అదే మాటతో చొక్కా ఒంటిని విడుస్తుంది. ‘కట్ ఆఫ్’లో కొమ్మ చెట్టును విడుస్తుంది. ఇప్పుడు మీ అలారాన్ని ఎక్కుపెట్టిన బాణంలా ఊహించుకోండి. సమయం వచ్చేదాకా బిగించి ఉంది, రాగానే వదిలేసింది. తుపాకీ పేలినా, బాంబు పేలినా ఇదే ‘గో ఆఫ్’. దీపం ఆరిపోయినా ‘గో ఆఫ్’ అనడం కూడా ఉంది కాబట్టి మీరు విన్న అర్థం ఎక్కడా లేనిది కాదు. అలారానికి మాత్రం అది మోగడమే.

22 ఏళ్లుగా బోధిస్తున్నాను. ‘గెట్’ కింద నలభై, ‘టేక్’ కింద ముప్పై అని వరుసగా ఇచ్చే జాబితాలను నేను మొదటి ఐదారేళ్లు బోర్డు మీద రాసినదాన్నే. మానేశాను. ఒకే క్రియతో మొదలయ్యేవాటిని ఒకేచోట పెట్టి చదివితే, మనసు వాటిని విడదీయడానికి బదులు కలిపేస్తుంది. మీకు సాయంత్రానికి జరిగింది అదే, అది మీ జ్ఞాపకశక్తి లోపం కాదు.

మాన్యువల్ అర్థమై మాట అర్థం కాకపోవడానికి చరిత్రలో కారణం ఉంది. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాజసభకు, న్యాయస్థానానికి ఫ్రెంచి వచ్చింది. చదువుకు, చర్చికి లాటిన్ అంతకుముందు నుంచే ఉంది. గంభీరమైన పనులకు ఆ భాషల మాటలు స్థిరపడ్డాయి. ఇంట్లో, పనిలో మాత్రం గో, కమ్, సెట్, బ్రేక్ లాంటి పాత చిన్న క్రియలే వెనక ఒక చిన్న మాట తగిలించుకుని కాలం గడుపుతూ వచ్చాయి. అందుకే చాలా పనులకు రెండేసి మాటలు కనిపిస్తాయి. రాతలో ‘పోస్ట్‌పోన్’, మాటలో ‘పుట్ ఆఫ్’. రాతలో ‘టాలరేట్’, మాటలో ‘పుట్ అప్ విత్’. రాతలో ‘ఇన్వెస్టిగేట్’, మాటలో ‘లుక్ ఇన్‌టు’. ఇంగ్లిష్ ఇంట్లో పెరిగిన బిడ్డకు మొదట రెండోది వస్తుంది, బడికి వెళ్లాక మొదటిది. పుస్తకం ద్వారా వెళ్లిన మనకు తలకిందులు. తెలుగులో ఇదే చూడండి: ఆరంభించు, పరిత్యజించు, బహిర్గతం చేయు అని గ్రంథాల్లో రాస్తాం. ఇంట్లో మొదలుపెట్టు, వదిలిపెట్టు, బయటపెట్టు అంటాం. ఆ ‘పెట్టు’ చేసే పనే అక్కడ ‘పుట్’, ‘సెట్’ చేస్తున్నాయి.

మీ రెండో ప్రశ్న. ‘టర్న్ ఆఫ్’ లాంటివి విడదీయగలిగినవి. ‘టర్న్ ఆఫ్ ద పంప్’ అనవచ్చు, ‘టర్న్ ద పంప్ ఆఫ్’ అనవచ్చు. కానీ పంపు బదులు ‘ఇట్’ వస్తే మధ్యలోకి రావలసిందే: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘ఇట్’ అంటే ఇద్దరికీ అప్పటికే తెలిసిన వస్తువు. తెలిసినదాన్ని మధ్యలో తేలికగా అనేసి, ఊనిక పడవలసిన ‘ఆఫ్’ను చివరికి ఉంచుతారు. ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఇన్‌టు’ లాంటివి విడిపోవు: ‘లుక్ ఇన్‌టు ఇట్’. మంచి అభ్యాస నిఘంటువు తెరిచి చూడండి. ‘సమ్‌థింగ్’ అన్న మాటను మధ్యలో రాసి ఉంటే విడదీయవచ్చు, చివర మాత్రమే రాసి ఉంటే విడదీయకూడదు.

ఈ రెండు రకాల తేడా నాకు ఎంతో ఇష్టమైనది, అందుకే కొంచెం ఆగి చెబుతాను. ‘హీ ర్యాన్ అప్ ఏ హిల్’, ‘హీ ర్యాన్ అప్ ఏ బిల్’. వినడానికి ఒక్క అక్షరమే తేడా. మొదటిదానిలో ‘అప్’ కొండకు చెందినది: కొండ మీదికి పరుగెత్తాడు. రెండోదానిలో ‘అప్’ క్రియకు చెందినది: బాకీ పెంచుకున్నాడు. బిల్లును మధ్యలోకి జరపవచ్చు, ‘ర్యాన్ ఏ బిల్ అప్’. కొండను జరపలేరు. తరగతిలో దీన్ని పైకి అనిపించి, బిల్లును జరపమంటాను, తర్వాత కొండను జరపమంటాను. కొండ కదలనప్పుడు పిల్లలకు ఒక్కసారిగా అర్థమవుతుంది.

అనువాదకుడు:

మీరు ప్రశ్నలోనే జవాబు రాశారు, గమనించారా? “ఎలా పట్టుబడతాయి” అన్నారు. విద్య పట్టుబడుతుంది, దొంగా పట్టుబడతాడు. పైగా మీరు “పట్టుబట్టి” కూర్చున్నారు, జాబితాను “బట్టీ పట్టారు”. ‘పట్టు’ అర్థం, ‘పడు’ అర్థం తెలిసిన పరాయివాడికి ఈ నాలుగింటిలో ఒక్కటైనా దొరుకుతుందా? మీకు మాత్రం ఆలోచించకుండానే వచ్చాయి.

నేను రోజంతా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి రాస్తాను. ఫ్రేజల్ వెర్బ్ ఎదురైనప్పుడు దాన్ని రెండు ముక్కలుగా తూచడం మొదట్లోనే మానుకున్నాను. మొత్తంగా పట్టుకుని, దానికి సరితూగే తెలుగు జంటక్రియను వెతుకుతాను. చాలాసార్లు దొరుకుతుంది. ‘రన్ అవుట్’ అంటే అయిపోవు. ‘రన్ ఇన్‌టు’ ఎవరికైనా ఎదురుపడు. ‘టర్న్ డౌన్’ కోరికనో ప్రతిపాదననో తోసిపుచ్చు. ‘బ్రష్ ఆఫ్’ కొట్టిపారేయి. ‘పుల్ త్రూ’ గట్టెక్కు. ‘ఈట్ అప్’ను మొదట్లో ‘పూర్తిగా తిను’ అని రాసేవాణ్ణి. ‘తినేయి’లోని ‘వేయు’ ఆ ‘అప్’ పనే చేస్తోందని తట్టిన రోజు నా పని సగం తేలికైంది. ‘స్టిక్ అప్ ఫర్’ నన్ను మూడు రోజులు తిప్పింది. ‘సమర్థించు’ అని రాస్తే ఎంతకీ ప్రాణం రాలేదు. చివరికి ‘వెనకేసుకొచ్చు’ తట్టింది. తప్పు చేసిన తమ్ముణ్ణి అక్క వెనకేసుకొచ్చింది. ‘వెనకేసుకొను’ అంటే డబ్బు కూడబెట్టడం, దానికి ‘వచ్చు’ చేరేసరికి మనిషి పక్షాన నిలబడటం. ఇంగ్లిష్‌వాళ్ల చిన్న మాటలు చేసే గారడీకి ఇది ఏమీ తీసిపోదు.

మీ ‘గో ఆఫ్’ విషయం కూడా చూడండి. పాలు ‘వెంట్ ఆఫ్’: విరిగిపోయాయి. లైటు ‘వెంట్ ఆఫ్’: ఆరిపోయింది. బాంబు ‘వెంట్ ఆఫ్’: పేలిపోయింది. అన్నిటా మన ‘పోవు’ వచ్చి కూర్చుంది. అలారం ఒక్కటే ‘మోగిపోయింది’ అనము, మోగింది అంటాం. మీరు జారిన మెట్టు సరిగ్గా అదే.

తెలుగు నేర్చుకుంటున్న ఒక పరాయి దేశస్థురాలికి కొంతకాలం సాయం చేశాను. ‘పోయాడు’ అంటే వెళ్లాడనీ, చనిపోయాడనీ నేర్చుకుంది. తర్వాత నిద్రపోయాడు, కలిసిపోయాడు, దొరికిపోయాడు, సర్దుకుపోయాడు వరుసగా ఎదురయ్యాయి. “ఇంతమంది ఎక్కడికి పోతున్నారు?” అని నిజంగానే బాధపడుతూ అడిగింది. నా దగ్గర సూత్రం లేదు. ఒక్కోదానికి ఒక్కో సంఘటన చెప్పాను. సంఘటనలు గుర్తున్నాయి, వాటితో మాటలూ గుర్తున్నాయి.

విదేశంలో_నర్సు:

టీచర్ గారి మాటలో ఒక్క చోట నేను ఒప్పుకోలేను. ‘ఆఫ్’ అంటే విడివడటం, ‘అప్’ అంటే పూర్తికావడం అని నేర్చుకుని, తెలియని మాట విన్నప్పుడు దాన్నిబట్టి ఊహిస్తే ప్రమాదం. ఇల్లు ‘బర్న్ డౌన్’ అయినా, కాగితం ‘బర్న్ అప్’ అయినా మిగిలేది బూడిదే. ఫారాన్ని ‘ఫిల్ ఇన్’ అన్నా, ‘ఫిల్ అవుట్’ అన్నా నింపడమే. ‘టర్న్ అప్’ అంటే మనిషి వచ్చాడని, అలాగని ‘టర్న్ డౌన్’ అంటే మనిషి వెళ్లాడని కాదు.

నా పనిలో ఊహకు చోటు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కారిడార్‌లో ఒక సహోద్యోగి వేగంగా నడుస్తూ నా రోగి గురించి ‘పాస్డ్ అవుట్’ అంది. నాకు వినిపించింది ‘పాస్డ్ అవే’. మొదటిది స్పృహ తప్పడం, రెండోది మరణం. గది తలుపు దాకా ఉన్న ఆ పది అడుగులు నేను ఎలా నడిచానో నాకు తెలియదు. లోపల ఆయన కళ్లు తెరిచి మంచినీళ్లు అడుగుతున్నాడు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. అనుమానం వచ్చిన ప్రతిసారీ, సిగ్గుపడకుండా, అదే విషయాన్ని ఒంటిపదంతో తిప్పి అడుగుతాను. మందు ప్రభావం ‘వేర్ ఆఫ్’ అవుతోందంటే, ‘తగ్గుతోందనా?’ అని సులువైన ఇంగ్లిష్‌లో అడిగి, అవునన్నాకే రాస్తాను. మీరు ఆ రాత్రి “స్టార్టెడా, స్టాప్డా?” అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. నేర్చుకోవడం నెలల మీద జరుగుతుంది, రిజిస్టరు ఈ రాత్రే రాయాలి. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు.

ఇంకో విషయం, తట్టుకోవడం అనే అర్థంలో మన దగ్గర చాలామంది రాసే ‘కోప్ అప్ విత్’ తప్పు. ‘కోప్ విత్’ మాత్రమే. ‘కీప్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ వినీ వినీ మనం ఆ ‘అప్’ను దీనికీ తగిలించాం.

ఇంగ్లిష్_టీచర్:

నర్సు గారు చెప్పింది నిజం, నేను స్పష్టంగా రాయవలసింది. చిన్న మాట అర్థం అనేది తెలిసినదాన్ని గుర్తుంచుకోవడానికి మేకులాంటిది. తెలియనిదాన్ని తెరిచే తాళంచెవి కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే ఈ సంగతి ఉంది. క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చడం ఇంగ్లిష్‌లో చాలా ఎక్కువని, పరభాషల వారికి అన్నిటికంటే కష్టం అక్కడేనని ఆయన రాశాడు. అప్పటికి వీటికి ఈ పేరు కూడా లేదు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు రచయిత లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వేసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. అది తనకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరని ఆయనే చెప్పాడు.

రాత్రిషిఫ్టు గారూ, ఇక మీరు చేయవలసినది చెబుతాను. జాబితా పక్కన పెట్టేయండి. మీ షిఫ్టులో ఫోనులో విన్నవాటిని మాత్రమే ఒక పుస్తకంలో రాసుకోండి. రాత్రికి రెండు దొరికితే చాలు. ఒక్క మాట కాదు, మొత్తం వాక్యం రాయాలి: ఎవరన్నారు, ఏ యంత్రం గురించి, అప్పుడు ఏం జరుగుతోంది. పక్కన అనువాదకుడు గారు చెప్పినట్టు తెలుగు జంటక్రియ ఒకటి రాయండి. దొరక్కపోతే ఖాళీ వదిలేయండి, ఎప్పుడో తడుతుంది. మర్నాడు అదే మాటతో మీ యంత్రం గురించి మీరే ఒక వాక్యం చెప్పండి, పైకి, గొంతు విప్పి. ‘లుక్ ఇన్‌టు’ లాంటి విడిపోనివాటిని మినహాయిస్తే, ఊనిక చాలావరకు చివరి చిన్న మాట మీద పడాలి. ‘బ్రేక్ డౌన్’ అన్నప్పుడు బరువు ‘డౌన్’ మీద. అదే నామవాచకమై ‘బ్రేక్‌డౌన్’ అయితే బరువు ‘బ్రేక్’ మీదికి వస్తుంది. ఫోనులో ఇది మీకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే బరువు పడిన ముక్కే మీ చెవికి ముందు చేరుతుంది.

మీకు తెలియకుండానే మీ దగ్గర ఇప్పటికే కొంత నిల్వ ఉంది. రోజూ పత్రికలో చదివే వాకౌట్, లాకౌట్, లేఆఫ్, టేకాఫ్, బ్యాకప్ అన్నీ ఫ్రేజల్ వెర్బ్స్ నుంచి పుట్టిన నామవాచకాలే. వాటిని తిరిగి క్రియలుగా విప్పుకోండి. వరస మారితే మాటే మారుతుందని మాత్రం గుర్తుంచుకోండి. ‘సెట్ అప్’ అంటే నెలకొల్పు, ‘అప్‌సెట్’ అంటే కలత పెట్టు. ‘టేక్ ఓవర్’ అంటే బాధ్యత చేపట్టు, ‘ఓవర్‌టేక్’ అంటే దాటిపోవు.

రాత్రిషిఫ్టు:

అందరికీ కృతజ్ఞతలు. ఇది రాసి పన్నెండు రోజులైంది. పుస్తకంలో పందొమ్మిది వాక్యాలు చేరాయి. తిప్పి అడగడం మొదలుపెట్టాను. ఇంజినీరు విసుక్కుంటాడనుకున్నాను, ఇప్పుడు ఆయనే నెమ్మదిగా మాట్లాడుతున్నాడు.

నిన్న రాత్రి రెండో కంప్రెసర్‌లో పీడనం ‘బిల్డింగ్ అప్’ అన్నాడు. “పెరుగుతోందనా?” అని అడిగాను, అవునన్నాడు. పక్కన తెలుగులో ‘పేరుకుపోవు’ అని రాశాను, సరేనా? అరగంట తర్వాత ‘లెవెల్డ్ ఆఫ్’ అన్నాడు. మళ్లీ ‘ఆఫ్’. గుండె ఒక్కసారి ఆగినట్టయింది. అడిగాను. పెరగడం ఆగి ఒకే చోట నిలబడిందట. దానికి ‘నిలకడకు వచ్చు’ అని రాసుకున్నాను.

నేను సొంతంగా చెప్పిన మూడు వాక్యాలు కింద రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

ఐ విల్ లుక్ ఇన్‌టు ఇట్.
ది అలారమ్ వెంట్ ఆఫ్ అండ్ ఐ వెంట్ టు రూమ్ ఫోర్.
ది పంప్ వాజ్ టూ హాట్, సో ఐ షట్ డౌన్ ఇట్.

అనువాదకుడు:

‘పేరుకుపోవు’ దుమ్ముకు, బకాయిలకు బాగుంటుంది. పీడనానికి ‘పెరిగిపోతోంది’ రాసుకోండి. ‘నిలకడకు వచ్చు’ చాలా బాగుంది, నేనూ రాసుకున్నాను.

ఇంగ్లిష్_టీచర్:

మొదటి రెండూ సరైనవే. మూడోదానిలో ‘షట్ ఇట్ డౌన్’. ‘ఇట్’ మధ్యలోకి, బరువు ‘డౌన్’ మీదికి. పైకి ఒకసారి చదివి చూడండి.